మామ వేలు, నా బజర్

మా మామ కుడిచేతి చూపుడువేలిని రేషన్ షాపులో మిషన్ గుర్తుపట్టదు. డీలర్ తడిపి పెట్టమంటాడు, తుడిచి పెట్టమంటాడు, గట్టిగా నొక్కమంటాడు. మిషన్ ఎర్రగా వెలిగి ఊరుకుంటుంది. చివరికి మామ చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆ వేలు జీపుదప్పా" అని ఇంకో వేలు పెడతాడు.

జీపుదే. ముప్పై ఏళ్ళుగా ప్రతి పొద్దునా ఆయన రేడియేటర్ మూత తీసి అందులో ఆ వేలు పెడతాడు. రెండో గణుపు దాకా తడిస్తే బండి తీస్తాడు. తడవకపోతే చెంబుతో నీళ్ళు పోసి మళ్ళీ వేలు పెడతాడు. దారిలో బండి వేడెక్కినప్పుడు, చల్లారేదాకా ఓపిక పట్టలేక మూత తీసిన రోజులు కూడా ఆయన లెక్కలో చాలానే ఉన్నాయి. ఆవిరికి కాలీ కాలీ ఆ వేలి కొస తెల్లగా, నున్నగా అయిపోయింది. గీతలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి.

ఆ వేలికి విశ్రాంతి ఇవ్వాలని నేను అనుకున్నాను. నాకు వచ్చే మంచి ఆలోచనలన్నిటి లాగే ఇది కూడా ఎవరూ అడక్కుండానే వచ్చింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన కూతుర్నే నాకిచ్చారు. బత్తలపల్లెలో మా ఇల్లు ఒక వీధిలో, వాళ్ళిల్లు పక్క వీధిలో. నాది రోడ్డు పక్కన టీవీ రిపేరు షాపు. డబ్బా టీవీల కాలంలో నాకు మంచి గౌరవం ఉండేది. నేను వెనకమూత విప్పుతుంటే జనం ఆపరేషన్ చూసినట్టు చుట్టూ నిలబడేవాళ్ళు. ఇప్పటి టీవీల్లో బోర్డు పోతే బోర్డు మార్చడమే, అది ఎవడైనా మారుస్తాడు. షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చున్న ఆ రోజుల్లో ఒకాయన కొత్త కారు తెచ్చి ముందు ఆపాడు. బెల్టు పెట్టుకోకపోతే కూత, తలుపు సరిగా పడకపోతే కూత, వెనక్కి తీస్తే కూత. దాని నోరు మూయించమని అడిగాడు.

మూయించి పంపాను. కానీ నా మనసు అక్కడే ఆగిపోయింది. కొత్త బండ్లకు ఇన్ని నోళ్ళుంటే మా వైపు తిరిగే పాత స్కూటర్లు, ట్రాక్టర్లు, జీపులు మూగగా ఎందుకుండాలి? వాటికి నోరివ్వడానికే దేవుడు నన్ను పుట్టించాడని నాకు అనిపించింది. ఇంట్లో చెప్పాను. దేవుడికి వేరే పనేం లేదా అని మా ఆవిడ అడిగింది.

మొదట ఒక అయ్యవారి పాత స్కూటర్‌కు లైటు ఆర్పడం మరిచిపోతే అరిచే బజర్ పెట్టాను. లైటు వేసినంతసేపూ అరిచేది. ఆయన ఆ గోల భరించలేక చీకటి పడ్డాక కూడా లైటు వేయడం మానేసి, ఒకసారి కల్వర్టు దిమ్మెను గుద్దుకున్నాడు. తర్వాత పాల ఆటోకు రివర్స్ బజర్ పెట్టాను. మూడో రోజుకే పాలాయన తిరిగొచ్చాడు. "అన్నా, నీ కూత ఇంటే ఎనుములు పాలు చేపడంలేదన్నా" అన్నాడు. నా మోపెడ్‌కు నేను పెట్టుకున్న సైడ్ స్టాండ్ బజర్ ప్రతి గుంతలోనూ అరుస్తుంది. స్టాండు స్ప్రింగు వదులైంది కాబట్టి అది ఎగిరినప్పుడల్లా, స్టాండు వేసి ఉందని బజర్ నమ్ముతుంది. మా రోడ్లలో గుంతలకేం కరువు? నేను వస్తున్నానని ఊరికి అర కిలోమీటరు ముందే తెలుస్తుంది.

"బావా, నువ్వు చేసినవన్నీ అరుస్తాండాయి గానీ, పనికొచ్చే మాట ఒక్కటన్నా చెప్తాండాయా?" అంది మా ఆవిడ.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఒప్పుకోలేదు. మిగిలింది మామ జీపు.

ఆ జీపు నాకంటే రెండు మూడేళ్ళే చిన్నది. మామ దాంట్లో కూలీ ఆడవాళ్ళను చీనీ తోటలకు తీసుకుపోతాడు. కాయల కోత ఎక్కడుంటే అక్కడికి, నల్లమాడ దాకా కూడా. ఇంటికి తిండి పెట్టేది ఆ బండే. అందులో వేడి చూపించే ముల్లు నా పెళ్ళినాడు ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన తాళం ఎవరి చేతికీ ఇవ్వడు. ఒకసారి బండి కాస్త పక్కకు తీస్తానని అడిగితే నన్ను పైనుంచి కిందిదాకా చూసి తనే తీశాడు. పిల్లనిచ్చినంత సులభంగా జీపునివ్వలేదు.

నా ఆలోచన ఇది. రేడియేటర్ పైతొట్టికి బెజ్జం పెట్టి, దాంట్లో రబ్బరు బిరడా బిగించాలి. బిరడాలోంచి రెండు ఇత్తడి పుల్లలు నీళ్ళలోకి దిగుతాయి. పాత రేడియో ఏరియల్ కోసి ఆ పుల్లలు చేశాను. నీళ్ళున్నంతసేపూ ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు సన్నగా కరెంటు పారుతుంది. నీళ్ళు తగ్గి పుల్లలు తేలిపోతే కరెంటు తెగి బజర్ అరుస్తుంది. సర్క్యూట్‌నంతా ఒక పచ్చ సబ్బుపెట్టెలో పెట్టి గమ్ముతో మూసేశాను. షాపులో స్టీలు గ్లాసులో బోరు నీళ్ళు పోసి పరీక్ష చేస్తే గడియారంలా పనిచేసింది.

"బాగుండే రేడియేటర్‌కు బెజ్జం పెడ్తావా?" అన్నాడు మామ.

మా ఆవిడ నా తరఫున మాట్లాడింది. "పోనీలే నాయనా, ఒక్కతూరి పెట్టనీ. లేకుంటే ఇంట్లో కుక్కర్‌కు పెడ్తాడు" అంది. కూతురు బాధ చూసి ఆయన మెత్తబడ్డాడు.

బిగించాక మామ సబ్బుపెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి ఒక ప్రశ్న వేశాడు.

"నీళ్ళు లేకుంటే అరుస్తాది. సరే. అరవకుంటే?"

"నీళ్ళుండాయని మామా."

"అదే పడుకోనింటే?"

నేను నవ్వాను. పక్కనున్న టీ అంగడాయనకు కూడా చెప్పి నవ్వించాను. బడికి పోనివాడు అడిగే ప్రశ్న అనుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

మూడో రోజు జీపు నేరుగా షాపు ముందుకొచ్చి ఆగింది. వెనక పదిమంది ఆడవాళ్ళు చెవులు మూసుకుని కూర్చున్నారు. బజర్ ఆగకుండా కూస్తోంది. మామ మూత తీసి వేలు పెట్టి, తడిసిన వేలిని నా ముఖం ముందు పెట్టాడు.

"నీళ్ళుండాయి. నీది లేవంటాండాది. ఎవర్ని నమ్మల్లప్పా?"

కనుక్కుంటే తేలింది. బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్ లోపల ఉప్పు పెచ్చులు కడుతుందని, మామ మొదటి నుంచీ నీళ్ళ ప్లాంటులో ఫిల్టర్ నీళ్ళు పట్టుకొచ్చి పోస్తున్నాడు. ఆ పొద్దున తుప్పు పట్టిన పాత నీళ్ళు వదిలేసి కొత్తవి నింపాడట. ఆ నీళ్ళలో ఉప్పు లేదు. ఉప్పు లేని నీళ్ళలో నా కరెంటు పారదు. నేను పరీక్ష చేసింది మా బోరు నీళ్ళతో, నోట్లో పోసుకుంటే ఉప్పుకషాయంలా ఉండే నీళ్ళతో. బుద్ధున్నవాడైతే సబ్బుపెట్టె విప్పి, లోపల ఒక చిన్న రెసిస్టర్ మార్చేవాడు. కానీ గమ్ము పెట్టి మూసింది నేనే. అది విప్పాలంటే పగలగొట్టాలి. పదిమంది ముందు నా పెట్టెను నేనే పగలగొట్టుకోవాలా?

పక్క బజ్జీల బండి దగ్గరికి వెళ్ళి చిటికెడు ఉప్పు తెచ్చి రేడియేటర్‌లో వేశాను. కాసేపు ఇంజన్ తిప్పమన్నాను. కూత ఆగింది.

ఆడవాళ్ళు అమ్మయ్య అన్నారు. మామ ముఖంలో, మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, నా విద్య మీద కాస్త గౌరవం కనబడింది. ఆ గౌరవం నన్ను పాడుచేసింది. అంతటితో ఊరుకోవచ్చు కదా.

"ఇంక ఫిల్టర్ నీళ్ళు వద్దు మామా. మన బోరు నీళ్ళే పొయ్యి. ఉప్పు వేసే పని గూడా ఉండదు."

"పెచ్చు కట్టదా?"

"కట్టినా బజర్ ఉండాది కదా. అది చూసుకుంటాది. నువ్వు వేలు కాల్చుకునే పని లేదు."

మొదట్లో ఆయన నమ్మలేదు. వేలు పెట్టేవాడు, పెట్టాక నావైపు చూసేవాడు. రెండు నెలలకు రోజు మార్చి రోజు పెట్టాడు. తర్వాత మానేశాడు. టీ అంగడి దగ్గర ఎవరో అడిగితే, "మా అల్లుడు ఒక మిషన్ పెట్టినాడప్పా, అదే చెప్తాది" అన్నాడట. అది విన్నాక నాకు పని లేకపోయినా రోజుకు నాలుగు టీలు తాగాను.

ఎండలు ముదిరిన ఒక పూట, ఫోనొచ్చింది. మామ హలో అనలేదు. బండి ఆగిపోయిందని కూడా అనలేదు.

"అల్లుడా, ఇది అరవలేదప్పా" అన్నాడు.

నల్లమాడకు ఇంకా దూరముండగా ఎగువ రోడ్డు మీద ఆగిపోయిందట. నేను మోపెడ్ మీద బయలుదేరాను. ప్రతి గుంతలోనూ సైడ్ స్టాండ్ బజర్ అరుస్తూనే ఉంది. అరవాల్సింది అరవలేదు, అక్కర్లేనిది దారంతా అరిచింది. మధ్యలో బండి ఆపి ఆ వైరు చేత్తో పట్టి తెంపేశాను.

నేను వెళ్ళేసరికి మామ రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని ఎండలో నడుచుకుంటూ పోతున్నారు. ఒకామె వెనక్కి తిరిగి నన్ను చూసి మళ్ళీ నడిచింది. గొట్టం బిగింపు ఊడి, నీళ్ళన్నీ దారిలో కారిపోయాయి. రేడియేటర్ ఎండిపోయింది. ఇంజన్ పట్టేసింది.

బిరడా పీకి చూశాను. రెండు పుల్లల మధ్య తెల్లగా, గట్టిగా, సున్నం పూసినట్టు ఉప్పు పెచ్చు పేరుకుని ఉంది. మా బోరు నీళ్ళు పెట్టిన పెచ్చు. ఆవిరికి అది ఇంకా తడిగానే ఉంది. ఆ తడి పెచ్చులోంచే కరెంటు పారింది. తొట్టిలో చుక్క లేకపోయినా, నీళ్ళున్నాయని నా బజర్ హాయిగా పడుకుంది. మామ మొదటిరోజు అడిగింది సరిగ్గా ఇదే.

బండిని కదిరికి లాగించాం. మెకానిక్ రేడియేటర్ విప్పి, లోపల గోకి, వేలితో నాలుక మీద పెట్టుకుని చూశాడు.

"దీంట్లో ఉప్పెవరేసినారప్పా? ఊరగాయ పెడ్తాండారా?"

షెడ్డులో అందరూ నవ్వారు. నేను నేల చూస్తున్నాను. మామ నావైపు ఒక్కసారి చూశాడు.

"తెలీదప్పా" అన్నాడు.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిని ఇంటికెళ్ళి అన్నం తినేవాణ్ణి. ఆ 'తెలీదప్పా' వల్ల చాలా రోజులు నాకు అన్నం సహించలేదు. సిగ్గంటే ఏమిటో నాకు ఆ షెడ్డులో తెలిసింది.

బండి బాగయ్యేదాకా మామ వేరే వాళ్ళ జీపులో కూలికి పోయాడు. తన జీపులో వెనక కూర్చునే ఆడవాళ్ళ మధ్యే, ఆయన కూడా టిఫిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. బండి బయలుదేరే ముందు అలవాటుగా దిగి వెళ్ళి రేడియేటర్ మూత మీద చెయ్యి వేసేవాడట. "ఏమప్పా, నా బండి నేను చూసుకోలేనా?" అని ఆ డ్రైవరు విసుక్కున్నాడట. ఇదంతా మా ఆవిడ చెప్పింది. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒక ఎత్తిపొడుపు మాట అనే మనిషి, ఆ రోజు గిన్నెలు తోముకుంటూ చెప్పి ఊరుకుంది.

నేను సబ్బుపెట్టెను అటక మీద పడేశాను. అయ్యవారి స్కూటర్ బజర్ తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు. ఇక్కడ కాలింది నా చేతులు కూడా కాదు.

జీపు తిరిగొచ్చిన రోజు మామ దాన్ని తోలుకుని షాపుకొచ్చాడు.

"అదేది?"

"ఏది మామా?"

"అరిచేది."

"పారేసినా" అని అబద్ధం చెప్పాను.

"యాడ పారేసినావో పోయి తీసకరా. బెజ్జం పెట్టింది నువ్వే కదా. దాన్ని దేంతో మూసేది?"

అది నిజమే. బెజ్జానికి బిరడా కావాలి, బిరడాకు పుల్లలున్నాయి, పుల్లలకు వైరుంది. అటక దిగి వచ్చిన సబ్బుపెట్టెను ఈసారి సుత్తితో పగలగొట్టాను. రెసిస్టర్ మార్చి, ఫిల్టర్ నీళ్ళకు కూడా సరిపోయేలా చేసి, మళ్ళీ జీపుకు బిగించాను. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలూ మామ ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"అది మేలుకొని ఉండాదో లేదో నాకు దినామూ తెలియల్ల. దానికేం చేస్తావు?" అన్నాడు.

గొప్ప సర్క్యూట్ ఏదో గీద్దామని కాగితం తీశాను. ఆయన చెయ్యి చాచి బిరడా పీకాడు. పుల్లలు గాలిలోకి రాగానే బజర్ అరిచింది. మళ్ళీ పెట్టాడు, ఆగింది. "చాల్లే" అన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అప్పటినుంచి ప్రతి పొద్దునా మా వీధికి కూడా ఆ కూత వినబడుతుంది. మామ ముందు బిరడా పీకి బజర్‌ను లేపుతాడు. తర్వాత వేలు పెడతాడు. ప్రతి శుక్రవారం అత్త దీపపు కుందులు, హారతి పళ్ళెం చింతపండుతో తోముతుంది కదా, వాటితో పాటు నా ఇత్తడి పుల్లలు కూడా తోముతుంది. పెచ్చు కట్టడానికి వారం కూడా దొరకదు. నేను పోయినప్పుడు ఒకసారి, కడిగి ఆరబెట్టిన కుందుల పక్కన నా బిరడా కూడా ఉంది, దానికీ కుంకుమ బొట్టు పెట్టి ఉంది. నేను చూస్తున్నానని అత్త కొంచెం మొహమాటపడి, "ఇత్తడి కదా అబ్బయ్యా, అన్నిట్తో పాటే" అంది.

మామ నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. టీ అంగడి దగ్గర మాత్రం మిషన్ ప్రస్తావన మళ్ళీ తేలేదు. నాలుగు టీలు నేను కూడా ఒకటికి తగ్గించాను. ఆయన నమ్మకం పోయిందా, ఉందా అని అడిగే ధైర్యం నాకు లేదు.

కిందటి వానల్లో ఆయనకు జ్వరం వచ్చింది. రెండు రోజులు లేవలేదు. మూడో పొద్దున అత్త పిలిస్తే వెళ్ళాను. మామ దుప్పటి కప్పుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు. "పోయి నీళ్ళు చూడప్పా" అన్నాడు. వాకిట్లోకి వెళ్ళి బిరడా పీకాను. అరిచింది. పెట్టాను. ఆగింది. అంతే కదా అని తిరగబోతే లోపలి నుంచి గొంతు వచ్చింది.

"వేలు పెట్టినావా?"

పెట్టలేదు. మూత తీసి వేలు దించాను. నా జీవితంలో అదే మొదటిసారి. నీళ్ళు చల్లగా తగిలాయి.

"రెండో గణుపు దాకా ఉండాయి మామా."

తర్వాత అత్త బయటికొచ్చి నా చేతిలో తాళం పెట్టింది.

"తోట కాడికి దింపిరమ్మంటాండాడు. ఆడోళ్ళు కాచుకోని ఉంటారంట" అంది.

ఆ తాళం బరువు గురించి ఏమీ రాయను. రాస్తే మా ఆవిడ నవ్వుతుంది. జీపు ఎక్కి, పదిమందిని ఎక్కించుకుని, నా బజర్ పక్కనే కూర్చుని బయలుదేరాను. అది అరవలేదు. అరవకపోయేసరికి నాకు భయం పట్టుకుంది. పడుకుందేమో. తయారుచేసింది నేనే కాబట్టి దాన్ని నమ్మడం ఎంత కష్టమో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పొద్దున కూత విన్నాను, వేలు పెట్టాను, అయినా లాభం లేదు. సగం దారిలో బండి ఆపి, ఆడవాళ్ళు "ఇప్పుడు తీయొద్దన్నా" అంటున్నా వినకుండా, మూత తీసి వేలు పెట్టాను.

నీళ్ళున్నాయి. సలసలా కాగుతూ ఉన్నాయి.

సాయంత్రం తాళం ఇవ్వడానికి పోతే మామ నా వేలి మీది బొబ్బను చూశాడు. "వేడి బండికి మూత తీయకూడదని చెప్పేదానికి బజరేమన్నా చేసినావా?" అని అడిగాడు. చెయ్యలేదన్నాను. అత్తను కేకేసి బొబ్బకు రాయడానికి కొబ్బరినూనె తెమ్మన్నాడు. తాళం మాత్రం అడగలేదు. జ్వరం తగ్గేదాకా అది నా దగ్గరే ఉంది. రోజూ బండి నేనే తోలాను. ఆ రోజుల్లో ఎన్నిసార్లు మూత తీశానో చెప్పను. ఒకసారి కాలినవాడికి బుద్ధి వస్తుందంటారు గానీ, నా విషయంలో అది కూడా నిజం కాలేదు.

మరుసటి నెల రేషన్ షాపులో ఇద్దరం వరసలో నిలబడ్డాం. నా వంతు వచ్చింది. మిషన్ మీద వేలు పెట్టాను. ఎర్రగా వెలిగింది. తడిపి పెట్టాను, తుడిచి పెట్టాను, గట్టిగా నొక్కాను. డీలర్ మిషన్‌ను తట్టి, "నీకేమైందన్నా?" అన్నాడు.

వెనక నుంచి మామ నా మణికట్టు పట్టుకుని చేతిని పక్కకు తీశాడు.

"ఇంకో వేలు పెట్టించుకోప్పా" అన్నాడు డీలర్‌తో. "ఆ వేలు జీపుది."